ఆవకాయకి ఏ డబ్బా మంచిది? ప్యాకేజింగ్ డిజైన్‌కి జీవిత చక్ర మదింపు చేసే పద్ధతి, అడుగడుగునా

ఆవకాయ సీజన్ మంచి ఊపులో ఉండగా మా పిన్ని ఫోన్ చేసింది. కృష్ణా జిల్లాలో ఆవిడకి చిన్న పచ్చళ్ల యూనిట్ ఉంది. "ఒరేయ్, ప్లాస్టిక్ డబ్బా చూస్తే జనం మొహం చిట్లిస్తున్నారు. గాజు సీసాల్లోకి మారిపోదామా?" అంది. అవుననో కాదనో చెప్పేస్తే అయిపోయేది. కానీ నేను చదువుకున్నది ఈ లెక్కలే కాబట్టి నోరు జారలేదు. మూడు వారాలు, ఒక కాటా, ఒక ఎక్సెల్ షీటు ఖర్చయ్యాక జవాబు తేలింది. పిన్ని అనుకున్నదీ నేను అనుకున్నదీ రెండూ తప్పేనని కూడా తేలింది.

ఈ లెక్క పేరు జీవిత చక్ర మదింపు. పనిలో ఉన్నవాళ్లు ఎల్‌సీఏ అంటారు. ముడిసరుకు తవ్వినప్పటి నుంచి డబ్బా చెత్తలో పడేదాకా ప్రకృతి మీద ఎంత భారం పడిందో కూడి చూడటమే అది. ఇది పుట్టిందే ప్యాకేజింగ్ కోసం. 1969లో అమెరికాలో కోకా కోలా కంపెనీ, ఏ రకం సీసా వాడితే ఎంత వనరు ఖర్చవుతుందో చూడమని మిడ్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి పని అప్పగించింది. ఇప్పుడు దీనికి ఐఎస్ఓ 14040, 14044 అని రెండు అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి, రెండూ 2006వి. వాటి ప్రకారం పని నాలుగు దశలు: లక్ష్యమూ పరిధీ ఖాయం చేసుకోవడం, లెక్కలు సేకరించడం, ప్రభావం అంచనా కట్టడం, వచ్చినదానికి అర్థం చెప్పుకోవడం. కాగితం మీద వరుసగా కనిపిస్తాయి గానీ, చేసేటప్పుడు మూడో దశలో ఉండగా మొదటిదానికి రెండుమూడుసార్లు వెనక్కి రావాల్సిందే.

అడుగు 1: ప్రశ్న సరిగ్గా అడగండి

"గాజు మంచిదా, ప్లాస్టిక్ మంచిదా?" అన్న ప్రశ్నకి ఎల్‌సీఏలో జవాబు లేదు. కిలో గాజుని కిలో ప్లాస్టిక్‌తో పోలిస్తే గాజే గెలుస్తుంది. కానీ కిలో గాజుతో నాలుగు సీసాలకి మించి రావు, కిలో ప్లాస్టిక్‌తో ముప్పై డబ్బాల పైనే వస్తాయి. అందుకే పోలిక పదార్థం మీద పెట్టకుండా, ఆ ప్యాకింగ్ చేసే పని మీద పెట్టాలి. దీన్నే ఫంక్షనల్ యూనిట్ అంటారు.

మేం రాసుకున్నది ఇది: "కిలో ఆవకాయ, అరకిలో ప్యాక్‌లు రెండుగా, ఆరు నెలల పాటు రుచి చెడకుండా, కారకుండా కొన్నవాళ్ల ఇంటికి చేరాలి." ఇందులో ప్రతి మాటకీ పని ఉంది. "ఆరు నెలలు" తీసేస్తే పల్చటి కవరు గెలిచేస్తుంది, ఆ తర్వాత నూనె మక్కువాసన వస్తుంది. "ఇంటికి చేరాలి" తీసేస్తే దారిలో పగిలిన సీసాలు లెక్కలోకే రావు.

అడుగు 2: గీత ఎక్కడ గీయాలి

ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్నది ముందే రాసి పెట్టుకోండి. మాకు లోపలున్నవి: సీసా లేదా డబ్బా, మూత, లేబుల్, అట్టపెట్టె, రవాణా, వాడాక పారేయడం. వీటితో పాటు పాడైపోయిన పచ్చడి కూడా. చాలామంది దీన్ని వదిలేస్తారు. ప్యాకింగ్ ఉన్నదే సరుకు కాపాడటానికి కదా, ఆ పని చేయలేకపోతే నష్టం దాని ఖాతాలోనే రాయాలి.

చిన్నవి వదిలేయొచ్చు, అయితే ఎందుకు వదిలారో చూపించి వదలండి. ఉదాహరణకి పౌచ్ (పొరల ప్లాస్టిక్ ఫిల్మ్ సంచి, మా పోలికలో మూడోది) సీల్ చేసే మిషన్. అర కిలోవాట్ మిషన్ గంటకి 600 పౌచ్‌లు సీల్ చేసిందనుకుందాం. రెండు పౌచ్‌లకి పడే కరెంటు 0.0017 యూనిట్. మన దేశంలో గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఈ అంకెని ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది). అంటే ఒక గ్రాము కాస్త పైన. పౌచ్ మొత్తం భారంలో ఒక శాతం కూడా కాదు కాబట్టి తీసేశాం.

అడుగు 3: కాటా ముందు కూర్చోండి

మొత్తం పనిలో నాకు ఇష్టమైన భాగం ఇదే. సప్లయర్ కాగితం మీద ఇచ్చే బరువు నమ్మొద్దు. బంగారం తూచేలాంటి చిన్న కాటా ఒకటి తెచ్చి, ఒక్కో రకం పది తీసుకుని తూచి సగటు తీయండి. మూత విడిగా, లేబుల్ విడిగా, టేపు విడిగా. అట్టపెట్టె తూచి, అందులో ఎన్ని ప్యాక్‌లు పడతాయో దానితో భాగించండి. గాజు సీసాల పెట్టెలో మధ్య అడ్డగోడల అట్ట కూడా ఉంటుంది, దాన్ని మరిచిపోవద్దు. మేం మొదటిసారి మరిచిపోయాం.

కిలో పచ్చడికి, అంటే రెండు ప్యాక్‌లకి, మాకు తేలిన బరువులు గుండ్రంగా:

- గాజు: సీసాలు 460 గ్రాములు, రేకు మూతలు 20, అట్ట 100
- పెట్ డబ్బా (నీళ్ల సీసాల్లో వాడే రకం ప్లాస్టిక్): డబ్బాలు 44 గ్రాములు, మూతలు 12, అట్ట 50
- నిలబడే పౌచ్: ఫిల్మ్ 22 గ్రాములు, అట్ట 40

మీ సీసా వేరు, మీ బరువులు వేరుగా వస్తాయి. పద్ధతి మాత్రం ఇదే.

బరువుల తర్వాత కావాల్సింది గుణకాలు, అంటే ఒక్కో పదార్థం కిలో తయారీకి ఎంత ఉద్గారం అన్న అంకెలు. స్విట్జర్లాండ్ వాళ్ల ఎకోఇన్వెంట్ డేటాబేస్ అందరూ వాడేది, కానీ డబ్బు కట్టాలి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఐడీమ్యాట్ డేటా ఉచితం. సాఫ్ట్‌వేర్ కావాలంటే బెర్లిన్‌లో తయారయ్యే ఓపెన్ఎల్‌సీఏ కూడా ఉచితమే. మొదటి లెక్కకి మాత్రం ఎక్సెల్ చాలంటాను. సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు ముచ్చటగా వస్తాయి, అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కనపడదు.

ఒక హెచ్చరిక: యూరప్ అంకెలు యూరప్ కరెంటుతో వేసినవి. మన గ్రిడ్‌లో బొగ్గు వాటా ఎక్కువ. కరెంటు బాగా తాగే పదార్థమైతే ఆ మేరకు సరిచేసుకోవాలి.

అడుగు 4: గుణించి కూడండి

చేత్తో వేసి చూపించడానికి గుండ్రటి గుణకాలు తీసుకుంటున్నాను. కిలోకి గాజు 1.0, రేకు 2.5, పెట్ (డబ్బాగా ఊదడంతో కలిపి) 3.0, మూత ప్లాస్టిక్ 2.5, పొరల ఫిల్మ్ 4.0, అట్ట 1.0 కిలోల కార్బన్ డయాక్సైడ్ సమానం. "సమానం" ఎందుకంటే మీథేన్ లాంటి వాయువుల్ని కూడా ఇదే కొలతలోకి మారుస్తారు. వందేళ్ల లెక్కలో కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

గాజు: 0.46 + 0.05 + 0.10 = 0.61
పెట్ డబ్బా: 0.13 + 0.03 + 0.05 = 0.21
పౌచ్: 0.09 + 0.04 = 0.13

పిన్నికి ఈ మూడు వరుసలు పంపితే కాసేపు జవాబు రాలేదు. తర్వాత ఒకటే మెసేజ్: "గాజు మూడింతలా?" అవును. ఇసుక, సోడా, సున్నపురాయి కరిగించాలంటే కొలిమిని 1,500 డిగ్రీల దగ్గర రాత్రీపగలూ మండించాలి. పాత గాజు పెంకులు కలిపితే కాస్త తగ్గుతుంది. పది శాతం పెంకుకి కొలిమి ఇంధనం రెండున్నర, మూడు శాతం ఆదా. కానీ బరువు మాత్రం బరువే.

ఇక్కడే ఆపేసి "పౌచ్ గెలిచింది" అని ప్రకటించేవాళ్లు చాలామంది. నేను కూడా ఆ రాత్రి అదే అనుకున్నాను.

అడుగు 5: పాడైన పచ్చడిని లెక్కలోకి తెండి

పిన్ని ఒక బ్యాచ్ పౌచ్‌లలో నింపి పంపి చూసింది. వందలో అయిదు కారాయి. కొరియర్ పెట్టె అడుగున ఎర్రటి నూనె మరక, లోపల పక్క పౌచ్‌లన్నీ జిడ్డు. సీల్ దగ్గర చూస్తే కారణం తెలిసింది. గరిటెతో నింపుతుంటే పౌచ్ మూతి లోపలి అంచుకి నువ్వుల నూనె అంటుకుంటోంది. ఆ నూనె పొర మీద వేడి పట్టీ నొక్కితే ప్లాస్టిక్ ప్లాస్టిక్‌తో అతుక్కోదు. ఆవపిండి రేణువు ఒకటి పడినా చాలు, సన్నటి కాలువ మిగిలిపోతుంది.

పచ్చడి తయారీకే కిలోకి 2 కిలోల ఉద్గారం అనుకుందాం. మామిడి, కారం, ఆవపిండి, నూనె అన్నీ పొలం నుంచి వచ్చినవే కదా. వందలో అయిదు పోతే, కొన్నవాళ్లకి కిలో చేరాలంటే 1.053 కిలోలు తయారు చేయాలి. అదనంగా పడే భారం (2 + 0.13) × 0.053, అంటే 0.11. పౌచ్ 0.13 నుంచి 0.24కి ఎగబాకింది. పెట్ డబ్బాలో వందకి ఒకటి పోతుందనుకుంటే అది 0.23. ఆధిక్యం అంతా ఆ నూనె మరకలో కరిగిపోయింది!

దీన్నుంచి డిజైన్‌కి దొరికిన సూచన చూడండి. ఫిల్మ్ ఇంకా పల్చన చేయడం గురించి ఆలోచించడం దండగ. పొడవు మూతి గరాటుతో నింపడం, సీల్ పట్టీ వెడల్పు పెంచడం, సీల్ వేసే ముందు అంచు తుడవడం ఎక్కువ పని చేస్తాయి. వాటికి కొత్త పదార్థం ఏదీ అక్కర్లేదు.

అడుగు 6: రవాణాని రెండు దారులుగా విడదీయండి

విజయవాడ నుంచి హైదరాబాద్‌కి లారీలో సుమారు 275 కిలోమీటర్లు. టన్ను-కిలోమీటర్‌కి (టన్ను సరుకుని కిలోమీటరు మోయడానికి) 0.1 కిలో ఉద్గారం అనుకుంటే, గాజు ప్యాకింగ్ బరువు (580 గ్రాములు) మోసినందుకు పడేది 0.016 కిలో. ఏ మూలకీ రాదు. "గాజు బరువు కాబట్టి లారీ డీజిల్ ఎక్కువ" అనే వాదన ఈ దూరంలో నిలబడదు. గాజు భారమంతా కొలిమిలోనే ఉంది.

ఇప్పుడు అమెరికా పార్సెల్ చూద్దాం. మన పిల్లలున్న ప్రతి ఇంటి నుంచీ ఏడాదికి ఒక్కసారైనా వెళ్లేదే. విమానంలో దాదాపు 13 వేల కిలోమీటర్లు, టన్ను-కిలోమీటర్‌కి 0.6 కిలో. కిలో బరువు మోయడానికి 7.8 కిలోలు! గాజు ప్యాకింగ్ ఒక్కదానికే 4.5 కిలోలు. పెట్ డబ్బాకి 0.83, పౌచ్‌కి 0.48. ఇంత తేడా ముందు సీసా తయారీ 0.61 అన్నది చిల్లర.

కాబట్టి ఒకే ప్యాకింగ్ రెండు దారులకీ పనికిరాదని ఇక్కడ ఖాయమైంది. మీ సరుకు ఎన్ని దారుల్లో వెళ్తుందో అన్ని లెక్కలు వేయండి, సగటు తీయొద్దు. సగటు ఎవరి పార్సెల్‌కీ సరిపోదు.

అడుగు 7: పారేసాక ఏమవుతుందో వీధిలో చూడండి

డేటాబేస్‌లో "రీసైక్లింగ్ ఇంత శాతం" అని ఉంటుంది. మీరు పాత సామాన్లు కొనే షాపు దగ్గర ఒక గంట నిలబడండి. పెట్ డబ్బా తీసుకుంటారు. గాజు సీసా కొన్ని చోట్ల తీసుకుంటారు, పగిలితే వద్దంటారు. పొరల పౌచ్‌ని ఎవరూ ముట్టుకోరు, అందులో నూనె ఉన్న పచ్చడి పౌచ్ అయితే అసలే ముట్టుకోరు. అది కాలువలోకో, కాల్చే గుట్టలోకో, ఆవు కడుపులోకో పోతుంది.

ఎల్‌సీఏకి ఉన్న పెద్ద లోటు ఇదే. గాలిలో కలిసే కార్బన్‌ని బాగా లెక్కిస్తుంది, కాలువలో తేలే కవరుని లెక్కించడానికి దానికి సరైన కొలత లేదు. కార్బన్ అంకె తక్కువుందని పౌచ్‌కి సర్టిఫికెట్ ఇచ్చేయకూడదన్నది నా అభిప్రాయం. ఈ విషయం అంకెల పక్కన మాటల్లో రాసి పెట్టండి, రిపోర్ట్‌లో దాచొద్దు.

ఒక్క కొలతే చూస్తే ఎంత తేడా వస్తుందో డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేసిన సంచుల లెక్క చూపిస్తుంది. మామూలు ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే కాటన్ సంచిని వాతావరణ కొలతలో 52 సార్లు వాడితే చాలు. నీళ్లు, ఓజోన్ లాంటి అన్ని కొలతల్లోనూ సమానం కావాలంటే 7,100 సార్లు. సంచి ఒకటే, ప్రశ్న మారింది. కనీసం నీరు, భూమి వాడకం, కార్బన్ ఈ మూడూ చూడమంటాను.

రీసైకిల్ చేసిన ముడిసరుకు వాడితే వచ్చే లాభాన్ని ఎవరి ఖాతాలో రాయాలన్నది ఎప్పుడూ తెగని పేచీ. వాడినవాళ్లకా, తిరిగి ఇచ్చినవాళ్లకా? ఏదో ఒక పద్ధతి పట్టుకుని అన్ని రకాలకీ అదే వాడండి. ఇద్దరికీ రాస్తే ఒకే మంచిని రెండుసార్లు లెక్కేసినట్టు.

అడుగు 8: ఒక్కో అంకెనీ తిప్పి చూడండి

పిన్నికి గాజు మీద మమకారం పోలేదు. "గోలీ సోడా సీసాలు తిరిగి రావట్లా? మనవీ తెప్పిద్దాం" అంది. సరే, లెక్కేశాం.

సీసా ఎన్నిసార్లు తిరిగితే గాజు భాగం 0.46ని అంతతో భాగించాలి. మూత మాత్రం ప్రతిసారీ కొత్తది. పచ్చడిలో ఉప్పూ పులుపూ రేకుని తినేస్తాయి, లోపలి లక్క పూత గీసుకుపోతే తుప్పు ఖాయం. అది 0.05. అట్టపెట్టె 0.10. కడగడం, వెనక్కి తేవడం కలిపి 0.04 అనుకున్నాం. గాజు లేకుండానే 0.19 అయిపోయింది. పెట్ డబ్బా 0.21ని దాటాలంటే సీసా ఇరవైసార్లకి పైగా తిరగాలి. పిన్ని నీరుగారిపోయింది.

అప్పుడు అట్టపెట్టె మీద చూపు పడింది. దాని బదులు పాల ప్యాకెట్లవాళ్లు వాడే ప్లాస్టిక్ క్రేట్ పెడితే? వందలసార్లు తిరిగేది కాబట్టి ఒక్కోసారికి 0.01 చాలు. గాజు కాక మిగతాదంతా 0.10కి దిగింది, అయిదోసారికే సీసా గెలిచింది. అయితే ఇక్కడ చిన్న మోసం ఉంది. సీసాకి క్రేట్ ఇచ్చి డబ్బాకి అట్ట ఉంచితే అది న్యాయమైన పోలిక కాదు. డబ్బాకీ క్రేట్ ఇస్తే అది 0.17కి దిగుతుంది, సీసా ఏడుసార్లు తిరగాలి. ప్రతి ఏడు సీసాల్లో ఆరు వెనక్కి రావాలన్నమాట. ఇక క్రేట్‌లో వెళ్లే, కారని పౌచ్‌ని కార్బన్‌లో సీసా ఎన్నిసార్లు తిరిగినా దాటలేదు, అది ఒప్పుకోవాలి.

దీన్నే సున్నితత్వ విశ్లేషణ అంటారు. ప్రతి ఊహనీ కాస్త పైకీ కిందకీ జరిపి చూడండి. జవాబు తారుమారు అయ్యే అంకెలేవో గుర్తు పెట్టుకోండి. వాటికే అసలైన డేటా వెతకాలి, మిగతావి గుండ్రంగా ఉన్నా నష్టం లేదు. మా లెక్కలో అలాంటివి మూడే: పౌచ్ కారే శాతం, సీసా తిరిగొచ్చే శాతం, విమానమా లారీయా.

అడుగు 9: డిజైన్‌కి దిగండి

లెక్క వల్ల మేం మార్చినవి ఇవి. విజయవాడ చుట్టుపక్కల నేరుగా ఇచ్చే ఇళ్లకి గాజు సీసా, క్రేట్, సీసాకి డిపాజిట్. జాడీ తెచ్చుకునేవాళ్లకి దాంట్లోనే తూచి పోయడం. అన్నిటికన్నా తక్కువ భారం దీనిదే, లెక్క కూడా అక్కర్లేదు. దుకాణాలకి పెట్ డబ్బా, కానీ మూత కింద అల్యూమినియం ఇండక్షన్ సీల్ (డబ్బా మూతికి వేడితో అతికే రేకు) వేసి. విదేశీ పార్సెల్‌కి పౌచ్, కొత్త గరాటుతో.

పెట్ డబ్బాలో చిన్న మార్పులకే పెద్ద ఫలితం వచ్చింది. డబ్బా చుట్టూ నిలువెల్లా పీవీసీ (వేరే రకం ప్లాస్టిక్) స్లీవ్ తొడిగితే అది పెట్ రీసైక్లింగ్‌ని చెడగొడుతుంది. దాని బదులు నీళ్లలో ఊడే జిగురుతో చిన్న లేబుల్ పెట్టాం. ఎర్రరంగు డబ్బా మానేసి రంగులేని పారదర్శక డబ్బా తీసుకున్నాం. రంగు డబ్బాకి పాత సామాన్ల ధర తక్కువ.

పౌచ్‌లో అల్యూమినియం పొర తీసేయగలమా అని చూస్తున్నాం. ఇది చట్టం దగ్గర కూడా లెక్కకొస్తుంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్పత్తిదారుల బాధ్యత నిబంధనల్లో గట్టి ప్లాస్టిక్ మొదటి వర్గం, మెత్తటి ప్లాస్టిక్ రెండో వర్గం, ప్లాస్టిక్‌తో పాటు వేరే పదార్థం పొర కూడా ఉన్నది మూడో వర్గం. ఏ వర్గంలో పడితే ఆ లక్ష్యాలు. అల్యూమినియం పోతే పౌచ్ మూడు నుంచి రెండుకి మారుతుంది. అయితే గాలి చొరబడి నూనె చెడితే మళ్లీ అడుగు 5కే వస్తాం. అందుకే కొత్త ఫిల్మ్‌లో నింపిన పౌచ్‌లు ఇప్పుడు పిన్ని వాళ్ల మేడమీద గదిలో, ఎండాకాలం వేడిలో ఆరు నెలల పరీక్షలో ఉన్నాయి.

అడుగు 10: బయటికి చెప్పేటప్పుడు

మీ కోసం వేసుకున్న లెక్క మీ ఇష్టం. "మా ప్యాకింగ్ వాళ్లదానికన్నా మంచిది" అని జనానికి చెప్పాలంటే మాత్రం ఐఎస్ఓ 14044 ప్రకారం కనీసం ముగ్గురు సభ్యుల బయటి బృందంతో సమీక్ష చేయించాలి. మన దేశంలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. "పర్యావరణ హితం", "గ్రీన్" లాంటి ఊరికే వేసే మాటలకి ఆధారం చూపించాలి. యూరప్‌కి పంపేవాళ్లయితే అక్కడి కొత్త ప్యాకేజింగ్ నియమాలు 2026 ఆగస్టు నుంచి వర్తిస్తాయి, ముందే చదువుకోండి.

లేబుల్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేద్దామని ప్రింటింగ్ కుర్రాడు అన్నాడట. దాని బదులు పిన్ని ఒక్క లైను వేయించింది: "సీసా కడిగి తిరిగివ్వండి, డిపాజిట్ తీసుకెళ్లండి." సీసా అడుగున వరుస నంబరు కూడా వేయించింది. ఏ సీసా ఎన్నిసార్లు తిరిగిందో నోటుపుస్తకంలో గీతలు పెడుతోంది. ఏడు గీతలు పడిన సీసా ఇంకా రాలేదు, నాలుగు పడినవి మాత్రం చాలానే ఉన్నాయట.